బందరు గతాన్నీ వర్తమానాన్నీ సొంతంగా అధ్యయనం చేయడం ఎలా?

"బందరు మీద ఏదైనా రాయాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి?" డిగ్రీ విద్యార్థులు, బడిలో ప్రాజెక్టులు చేయించే టీచర్లు, పిల్లలకు సొంతూరు గురించి చెప్పాలనుకునే ప్రవాసాంధ్రులు అందరూ ఈ ప్రశ్నే అడుగుతున్నారు. అడిగేవాళ్లలో చాలామంది అప్పటికే ఒకసారి ఊరంతా చుట్టి వచ్చి ఉంటారు. "కోట దగ్గరికి వెళ్లాం, నాలుగు గోడలు తప్ప ఏమీ కనపడలేదు" అంటారు.

బందరులో, అంటే మచిలీపట్నంలో, గతం నిలబడి కనిపించదు. 17వ శతాబ్దంలో ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే వచ్చేనాటికి ఇక్కడి ఇళ్లు చెక్కతో కట్టినవి. పెగూకీ, సయాంకీ, మక్కాకీ ఓడలు వెళ్లే రేవని ఆయనే రాశాడు. అలాంటి ఊరి మీద 1864 ఉప్పెన వచ్చి పడింది. కృష్ణమ్మ తెచ్చే ఒండ్రుతో తీరం మారుతూ వచ్చింది. కాగితాలేమో హేగ్‌లో, లండన్‌లో, చెన్నైలో ఉన్నాయి. అందుకని ఊరు చూడటానికి ముందు ఇంట్లో కూర్చుని చేయాల్సిన పని చాలా ఉంది. అది చేసుకుని వెళితే అదే నాలుగు గోడల దగ్గర రెండు గంటలు సరిపోవు.

కావలసినవి

- రూళ్ల నోటుబుక్కు ఒకటి, ఒక స్ప్రెడ్‌షీట్. రెండూ కావాలి. ఎండలో, గాలిలో ఫోన్ మీద టైపు చేయడం కష్టం.
- ఫోటోతో పాటు లొకేషన్ కూడా నమోదయ్యేలా సెట్ చేసిన ఫోన్, పవర్ బ్యాంక్.
- 30 మీటర్ల టేపు, 10 సెంటీమీటర్ల కొలత గీసిన తెల్ల అట్టముక్క, చిన్న టార్చి.
- నీటిలో కరిగిన లవణాలు చూపే టీడీఎస్ మీటరు. అక్వేరియం దుకాణాల్లో, వాటర్ ఫిల్టర్లు అమ్మే చోట దొరుకుతుంది.
- కంప్యూటర్‌లో గూగుల్ ఎర్త్ ప్రో. పాత ఉపగ్రహ చిత్రాలను వరసగా చూడటానికి ఫోన్ కంటే ఇదే సుఖం.
- సమయం: ఇంటి దగ్గర రెండు వారాలు, ఊళ్లో మూడు రోజులు, రాతకి ఒక వారం. బడిపిల్లల ప్రాజెక్టయితే దీంట్లో సగం చాలు, కానీ 1, 2, 7 అడుగులు మాత్రం వదలొద్దు.

ఎప్పుడు వెళ్లాలి? డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. అక్టోబరు, నవంబరు తుపాన్ల నెలలు, పెట్టుకోవద్దు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం. వేట చూడాలనుకునేవాళ్లు ఆ రోజుల్లో వెళ్లి ప్రయోజనం లేదు. మత్స్యకారులతో తీరిగ్గా మాట్లాడాలనుకుంటే మాత్రం అంతకంటే మంచి అదను దొరకదు. బోట్లు ఒడ్డునే ఉంటాయి, వలలు బాగుచేసుకుంటూ మనుషులూ అక్కడే ఉంటారు. ఎండ మాత్రం మండిపోతుంది, ఉదయం ఎనిమిదిలోపు, సాయంత్రం ఐదు తర్వాత పెట్టుకోండి.

1. ఊరిని కాదు, ఒక ప్రశ్నను పట్టుకోండి

"బందరు చరిత్ర" అని మొదలుపెట్టిన పని పూర్తవదు. ఒక ప్రశ్న, ఒక చోటు, ఒక కాలం ఎంచుకోండి. "1864 ఉప్పెన తర్వాత ఊరు ఏ వైపు పెరిగింది?" అన్నది మంచి ప్రశ్న. "గిలకలదిండి మొగ (నీళ్లు సముద్రంలో కలిసే చోటు) పూడిక వల్ల బోట్లవాళ్లకి ఏ నెలల్లో ఇబ్బంది?" ఇంకా మంచిది. "మచిలీపట్నం ప్రాచీన వైభవం" ప్రశ్నే కాదు.

ప్రశ్న సరైనదో కాదో తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. దానికి వచ్చే జవాబు తప్పని ఎవరైనా ఆధారం చూపించి నిరూపించగలరా? చూపించగలిగితే అది పనికొచ్చే ప్రశ్న.

2. కాలపట్టిక వేసుకోండి

స్ప్రెడ్‌షీట్‌లో ఐదు గడులు: ఏడాది, ఖచ్చితమైన చోటు, ఏం జరిగింది, ఎవరు చెప్పారు, చెప్పినవాళ్లు స్వయంగా చూశారా. ఐదో గడి ఖాళీగా ఉంటే ఆ వరుసకు పసుపు రంగు వేయండి. చివరికి పసుపు ఎంత మిగిలిందో చూస్తే మీ రాతకి ఎంత బలముందో తెలుస్తుంది.

మొదలుపెట్టడానికి ఈ వరుసలు వేసుకోవచ్చు:

- క్రీ.శ. 1వ శతాబ్దపు గ్రీకు నౌకాయాన గ్రంథం పెరిప్లస్‌లో సన్నని బట్టలకు పేరుపడ్డ "మసాలియా" ప్రస్తావన. 2వ శతాబ్దంలో టాలెమీ రాసిన "మైసోలియా".
- 1605-06: డచ్చివారి వర్తక స్థావరం. 1611: ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ స్థావరం. 1669: ఫ్రెంచివారు.
- 1687: గోల్కొండ పతనం. రేవు మొగలుల చేతికి వచ్చింది.
- 1750: ఫ్రెంచివారి అధీనంలోకి. 1759 ఏప్రిల్: కర్నల్ ఫోర్డ్ రాత్రివేళ కోట మీద దాడి చేసి ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్‌ను లొంగదీసుకున్నాడు.
- 1843: రాబర్ట్ నోబుల్ ఇంగ్లీషు బడి, తర్వాత అదే నోబుల్ కాలేజీ.
- 1855: బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట పూర్తి, డెల్టాకు కాలువ నీళ్లు.
- 1864 నవంబరు 1: ఉప్పెన.
- 1902: కృష్ణాపత్రిక. 1910: ఆంధ్ర జాతీయ కళాశాల. 1923: పట్టాభి సీతారామయ్య ఆంధ్రా బ్యాంకు.
- 2020: ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో విలీనం. 2022 ఏప్రిల్: జిల్లా విభజన, బందరు కేంద్రంగానే కొత్త కృష్ణా జిల్లా.

మొదటి వరుస దగ్గరే ఎక్కువమంది జారిపడతారు. పెరిప్లస్, టాలెమీ చెప్పింది ఒక ప్రాంతం పేరు. టాలెమీ మైసోలోస్ అన్న నదిని కృష్ణ అని పండితులు గుర్తిస్తారు, ఆ నది చుట్టుపక్కల దేశం మైసోలియా. నేటి బందరు బస్టాండు ఉన్న చోటే రెండు వేల ఏళ్ల కిందట రేవుండేదని దాన్నిబట్టి చెప్పలేం. ఆ కాలపు ఆధారాలు గట్టిగా ఉన్న చోటు బందరుకు పడమరగా సుమారు 20 కిలోమీటర్ల దూరంలోని ఘంటసాల. టాలెమీ "కంటకోస్సిల" అన్నది దాన్నే. నాగార్జునకొండ శాసనంలో "కంటకసేల" మహాచైత్యం ప్రస్తావన ఉంది. బౌద్ధ స్తూపం బయటపడింది, రోమన్ నాణేలు దొరికాయి. ఇవాళ ఆ ఊరు సముద్రానికి ఎంత దూరమో మ్యాపులో కొలిచి చూడండి. ప్రాచీన కాలమే మీ ప్రశ్న అయితే మీ మూడు రోజుల్లో ఒకటి ఘంటసాలకు ఇవ్వాలి. కాకతీయుల కాలం అయితే ఇంకా దక్షిణాన మోటుపల్లికి వెళ్లాలి. సముద్ర వర్తకులకు గణపతిదేవుడు ఇచ్చిన అభయశాసనం అక్కడే ఉంది, 1244 నాటిది. మధ్యయుగాల్లో ఈ తీరంలో రేవులు ఒకచోట పూడిపోతే ఇంకోచోట లేచాయి. అన్నింటినీ బందరు ఖాతాలో వేయకూడదు.

3. పేర్లు మార్చి మార్చి వెతకండి

ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో, గ్రంథాలయాల కేటలాగుల్లో "మచిలీపట్నం" అని కొడితే వచ్చేది గోరంత. బ్రిటిష్ కాగితాల్లో చివర "నం" లేకుండా "మసులిపటం", ఫ్రెంచి కాగితాల్లో "ఎస్" బదులు "జడ్" పెట్టి "మజులిపటం", 17వ శతాబ్దపు ఉత్తరాల్లో "మెచ్లిపటం"కు దగ్గరగా రకరకాలుగా, మన భాషల్లో "బందరు", "మచిలీ బందర్". కనీసం ఆరు స్పెల్లింగులు ఒక కాగితం మీద రాసి పెట్టుకుని అన్నిటితోనూ వెతకండి. ఏ స్పెల్లింగుతో ఎన్ని దొరికాయో కూడా రాసుకోండి, రెండోసారి అదే పని చేయకుండా ఉంటారు.

జిల్లా పేరు ఇంకా పెద్ద ఉచ్చు. 1859కి ముందు "మసులిపటం జిల్లా" ఉండేది. ఆ ఏడు దానిలో గుంటూరు కలిపి కృష్ణా జిల్లా చేశారు. 1904లో గుంటూరు విడిపోయింది. 1925లో పశ్చిమ గోదావరి పోయింది. 2022లో ఎన్టీఆర్ జిల్లా వేరైంది. అంటే 1881 కృష్ణా జిల్లా లెక్కను 2011 కృష్ణా జిల్లా లెక్క పక్కన పెడితే రెండు వేర్వేరు భూభాగాలను పోల్చినట్టే. ఎప్పుడూ పట్టణం లెక్కలే తీసుకోండి. 1901లో పట్టణ జనాభా 39,507. 2011లో 1,69,892. 2021లో జరగాల్సిన జనగణన జరగలేదు కాబట్టి ఆ తర్వాతి అంకె ఎక్కడ కనిపించినా అది అంచనాయే అని రాయండి.

4. పాత రాతలు చదివేటప్పుడు తేదీ, కొలత, మనిషి మూడూ చూడండి

ముందు చేతికందేవి: 1883 నాటి కృష్ణా జిల్లా మాన్యువల్, రాసింది గోర్డన్ మెకంజీ. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. 1864 ఉప్పెన వివరాలు, వర్తక స్థావరాల కథ అందులో ఉన్నాయి. తర్వాత 1618-22 మధ్య ఇక్కడ పనిచేసిన ఇంగ్లీషు వర్తకుడు విలియం మెథ్‌వోల్డ్ రాసింది. ఆపైన లోతుకు వెళ్లదలుచుకుంటే డచ్చి కంపెనీ కాగితాలు హేగ్‌లోని జాతీయ ఆర్కైవ్స్ వెబ్‌సైటులో స్కాన్‌లుగా ఉన్నాయి. బ్రిటిష్ కాలపు జిల్లా రికార్డులకు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌కు వెళ్లాలి. అక్కడికి గుర్తింపు కార్డు, మీ కాలేజీ నుంచో సంస్థ నుంచో పరిచయ లేఖ తీసుకెళ్లండి. రాకపోకలకు వీల్లేనివాళ్లు మాన్యువల్, మెథ్‌వోల్డ్ రెండింటితోనే చక్కటి పని చేయొచ్చు.

తేదీల సంగతి ఓపిగ్గా చూడాలి. 1752 దాకా ఇంగ్లీషువాళ్లది పాత క్యాలెండరు, వారి లెక్కలో కొత్త ఏడు మార్చి 25న మొదలయ్యేది. బందరు నుంచి వెళ్లిన ఇంగ్లీషు కంపెనీ వర్తకులు కోగన్, డే ఇద్దరూ మద్రాసు తీరం చేరిన తేదీ వారి కాగితాల లెక్కలో 1639 ఫిబ్రవరి 20. మనకది 1640. అదీకాక 17వ శతాబ్దంలో వారి తేదీ డచ్చివారి తేదీకంటే పది రోజులు వెనక ఉంటుంది. ఒకే ఓడ డచ్చి ఉత్తరంలో 25న, ఇంగ్లీషు ఉత్తరంలో 15న వస్తే అవి రెండు ఓడలు కావు. గోల్కొండ ఫర్మానాల్లో హిజ్రీ ఉంటుంది. ఆ అంకెను 0.97తో గుణించి 622 కలిపితే దాదాపుగా క్రీస్తుశకం వస్తుంది. గోల్కొండ పడిన 1098 మీద వేసి చూడండి, 1687 వస్తుంది. కైఫీయతుల్లో, అంటే ఊళ్ల స్థానిక చరిత్ర రాతల్లో, శకవర్షం ఉంటే 78 కలపండి. సంవత్సరం పేరు మాత్రమే ఉండి శకం అంకె లేకపోతే అది అరవై ఏళ్లకోసారి తిరిగి వచ్చేదే కాబట్టి లోపలి సాక్ష్యం, అంటే నవాబు పేరో దొర పేరో దొరికేదాకా ఏడాది తేల్చొద్దు.

దూరాలు కూడా అంతే. డచ్చి మైలు సుమారు 7.4 కిలోమీటర్లు, ఇంగ్లీషు మైలు 1.6. బట్టల లెక్కలో కోర్జి అంటే 20 తానులు. వీటిని మార్చకుండా కాపీ కొట్టిన వ్యాసాలు చాలా ఉన్నాయి, అందుకే ఒకరి అంకెలు మరొకరితో కలవవు.

రాసిన మనిషి ఎవరో మరిచిపోవద్దు. మెథ్‌వోల్డ్ ఈ ఊరికి ప్రాకారం లేదు, కట్టుబడి బాగాలేదు, ఊళ్లో ఊటలన్నీ ఉప్పు నీళ్లే అంటాడు. తవెర్నియే బంగాళాఖాతంలో ఓడలు నిలపడానికి ఇంతకంటే మంచి చోటు లేదంటాడు. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. ఒకరు అక్కడ కాపురమున్నారు, ఒకరు రేవు చూశారు. రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టి రాస్తేనే ఊరు అర్థమవుతుంది.

5. మ్యాపు మీద తీరాన్ని వెనక్కి నడిపించండి

గూగుల్ ఎర్త్ ప్రోలో 16.17 ఉత్తరం, 81.13 తూర్పు దగ్గరికి వెళ్లి గడియారం గుర్తు నొక్కితే పాత చిత్రాలు వరసగా వస్తాయి. అంతకంటే వెనక్కి పోవాలంటే అమెరికా భూగర్భ సర్వే సంస్థ సైటులో ల్యాండ్‌శాట్ చిత్రాలు 1972 నుంచి ఉచితం. 1950ల నాటి అమెరికా సైన్యం మ్యాపులు టెక్సాస్ విశ్వవిద్యాలయం సైటులో దొరుకుతాయి. పాత మ్యాపును ఇవాళ్టి చిత్రం మీద పరచడానికి కనీసం నాలుగు మారని గుర్తులు కావాలి. కాలువ మలుపు, రైలు పట్టాల వంపు, పాత చర్చి, రోడ్ల కూడలి లాంటివి పనికొస్తాయి. ఒడ్డును, ఇసుక దిబ్బను గుర్తుగా తీసుకోకూడదు, కొలుస్తున్నది వాటినే కదా.

ఇక్కడ జరిగే పెద్ద తప్పు ఇది. బందరు తీరం బల్లపరుపు, బురద నేల. పోటులో నీళ్లు ఎక్కడికో వస్తాయి, పాటులో అంత వెనక్కి పోతాయి. పోటు వేళ తీసిన 1990 చిత్రాన్ని పాటు వేళ తీసిన 2020 చిత్రంతో పోల్చి "తీరం ఇంత ముందుకొచ్చింది" అని రాసేస్తారు. నీటి అంచును వదిలేసి మడ అడవి అంచునో, పచ్చదనం మొదలయ్యే గీతనో పట్టుకోండి. ఒకే కాలం, ఫిబ్రవరి అయితే అన్నీ ఫిబ్రవరివే తీసుకోండి. 1970ల ల్యాండ్‌శాట్ చిత్రంలో ఒక చుక్క అంటే నేల మీద 60 నుంచి 80 మీటర్లు. అంతకంటే చిన్న మార్పు కనిపించిందంటే అది మీ గీత వణుకు. యూరప్ ఉపగ్రహం సెంటినెల్ చిత్రాల్లో 10 మీటర్లు, కానీ అవి 2015 నుంచే.

6. ఊళ్లో మూడు రోజులు

మొదటి రోజు పాత పేటలు. కోనేరు సెంటరు నుంచి నడక మొదలుపెట్టి ఇంగ్లీషుపాలెం, వలందపాలెం, పరాసుపేట, రాబర్ట్‌సన్‌పేట చూడండి. వలందులంటే డచ్చివారు, పరాసులంటే ఫ్రెంచివారు. పేట పేరు ఆ కంపెనీ మనుషులతో ఉన్న సంబంధానికి ఆనవాలే తప్ప, ఇవాళ్టి వార్డు హద్దు నాటి స్థావరం హద్దు కాదు. ప్రతి పేటలో మూడే రాసుకోండి: వీధి ఎత్తుపల్లాలు (వాన నీరు ఎటు పోతుందని అడగండి), పాత ఇటుక కనిపించిన చోట దాని పొడవు వెడల్పు మందం, ఆ పేటలో తాగునీరు ఎక్కడినుంచి వస్తుంది.

నీటి పని ఇక్కడే చేయండి. బావుల యజమానులను అడిగి, అయిదారు చోట్ల టీడీఎస్ కొలిచి, చోటుతో సహా రాయండి. మీటరు మీద 500 లోపు చూపితే మంచినీళ్లు, 2000 దాటితే ప్రమాణాల ప్రకారం తాగకూడదు. మీటరు మొనను ప్రతిసారీ మంచినీళ్లతో కడగకపోతే ముందు బావి ఉప్పు తర్వాతి బావి లెక్కలోకి వస్తుంది. ఈ అంకెలతో మెథ్‌వోల్డ్ మాటను రుజువు చేశామని మాత్రం రాయొద్దు. మధ్యలో కాలువలు వచ్చాయి, బోర్లు పడ్డాయి, రొయ్యల చెరువులు వచ్చాయి. నాలుగు వందల ఏళ్లుగా ఈ ఊరు నీటి కోసం ఎలా తంటాలు పడుతోందన్న కథకు ఇవి ఇవాళ్టి సాక్ష్యం, అంతవరకే.

రెండో రోజు డచ్చి శ్మశానం, సెయింట్ మేరీస్ చర్చి, కోట. డచ్చి శ్మశానం, కోట శిథిలాలు పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. గేటుకు తాళముంటే గోడ దూకొద్దు, కాపలా మనిషిని కనుక్కోండి. డ్రోన్ ఎగరేయాలంటే అనుమతి కావాలి.

సమాధి రాళ్లు చదవడానికి వేళ ముఖ్యం. నడి మధ్యాహ్నం వెళితే నల్లరాయి మీద ఏమీ కనిపించదు. పొద్దున ఎనిమిదిలోపు, లేదా సాయంత్రం నాలుగున్నర దాటాక వాలు వెలుతురులో అక్షరాల అంచులకు నీడ పడి రాయి మాట్లాడుతుంది. వేళ కుదరకపోతే గొడుగుతో రాయికి నీడ పట్టి, టార్చిని రాతికి దాదాపు ఆనించి పక్కనుంచి వేయండి. సుద్దముక్క, పిండి, నూనె, బొగ్గు రాసి అక్షరాలు తేల్చే అలవాటు కొందరికుంది. దయచేసి చేయకండి, రాయి పాడవుతుంది, చట్టప్రకారం నేరం కూడా. మొదట రాయి మొత్తం ఒక ఫోటో, తర్వాత పైనుంచి కిందికి భాగాలుగా, ఒక ఫోటోలో మూడో వంతు పక్క ఫోటోలోకి వచ్చేలా. ప్రతి దాంట్లో కొలత అట్ట ఉండాలి.

చాలా డచ్చి రాళ్లు "హియర్ లైట్ బెగ్రావెన్" అని మొదలవుతాయి, ఇక్కడ సమాధి చేయబడ్డారని. "ఖెబోరెన్" పుట్టుక, "ఓవర్‌లేడెన్" మరణం, "ఔట్" తర్వాత వయసు. నెల దగ్గర జాగ్రత్త. 7 అంకె పక్కన "బెర్" అని ఉంటే అది జులై కాదు, సెప్టెంబరు. 8 బెర్ అక్టోబరు, 9 బెర్ నవంబరు, 10 బెర్ డిసెంబరు. ఈ ఒక్క పొరపాటుతో మనిషి చావు రెండు నెలలు ముందుకు జరిగిపోతుంది. రాతి మీద ఉన్నది ఉన్నట్టు ఒక వరుసలో, మీ చదువు ఇంకో వరుసలో రాయండి. అరిగిపోయిన అక్షరానికి చుక్క పెట్టండి, ఊహించి పూరించొద్దు.

సెయింట్ మేరీస్ చర్చి దగ్గర, అక్కడే సమాధి ఉన్న అరబెల్లా అనే ఆమె కథ మీకు తప్పకుండా చెప్తారు. కథను చెప్పినవారి మాటల్లోనే రాసుకోండి. రాతి మీద ఉన్న పేరు, తేదీ విడిగా రాయండి. మీ రాతలో రెండూ రెండు పేరాల్లో ఉండాలి.

కోట ఊరికి ఆగ్నేయంగా గిలకలదిండి వైపు ఉంది. 1759లో ఫోర్డ్ సైన్యం ఎటునుంచి వచ్చిందో వెళ్లేముందే చదువుకోండి. కోట చుట్టూ చిత్తడి ఉందన్నది ఆ కథలో ప్రాణం లాంటి వివరం. అక్కడ నిలబడి నేల చూస్తే, ఫ్రెంచివారు చిత్తడి పక్క కాపలా ఎందుకు తక్కువ పెట్టారో తెలుస్తుంది. పాము పుట్టలు, ముళ్లకంప ఉంటాయి, బూట్లు వేసుకోండి.

మూడో రోజు బతికున్న ఊరు. తెల్లవారుజామున గిలకలదిండి హార్బర్, తర్వాత పెడనలో కలంకారీ షెడ్లు, మధ్యాహ్నం చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ పని, సాయంత్రం మంగినపూడి వైపు కొత్త రేవు పనులు. ఒక్కరోజులో నాలుగూ అంటే పైపైన చూడటమే. మీ ప్రశ్నకు సంబంధించినవి రెండే ఎంచుకోండి.

మనుషులతో మాట్లాడటంలో కొన్ని మెళకువలు. ముందు మీరెవరో, ఎందుకు అడుగుతున్నారో, పేరు రాయొచ్చా లేదా చెప్పి అడగండి. "బాబాయ్, మీ చిన్నప్పుడు ఇక్కడ ఎలా ఉండేది?" అంటే "బానే ఉండేది" అంటారు. "మీ పెళ్లినాటికి బోటు ఎక్కడ కట్టేవాళ్లు? ఇప్పుడెక్కడ?" అంటే లేచి చూపిస్తారు. ఏడాది అడగొద్దు, గుర్తుండే ఘటనకు ముందా తర్వాతా అని అడగండి. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన, 2004 డిసెంబరు 26 సునామీ ఈ తీరంలో అందరికీ గుర్తున్న గీతలు. ఎవరైనా "పెద్ద ఉప్పెన" అంటే ఏ ఉప్పెనో అప్పుడే తేల్చుకోండి. తాతలు చెప్పగా విన్న 1864, స్వయంగా చూసిన 1977 ఒకే మాటలో కలిసిపోతుంటాయి. 1977లో ఎక్కువ ప్రాణాలు పోయింది దివిసీమలో.

పెడనలో అద్దకం చూసేటప్పుడు వరుస రాసుకోండి: గుడ్డ ఉతకడం, కరక్కాయ నీళ్లలో తడపడం, ఇనుము బెల్లం ఊరబెట్టిన నలుపు, పటిక అద్దకం, కాలువలో జాడించడం, ఉడకేయడం. ఏ రంగు చెట్టుదో ఏది రసాయనమో సూటిగా అడగండి, చాలామంది దాచకుండా చెప్తారు. ఇవాళ పెడనలో కనిపించేది చెక్క అచ్చుల పని. 17వ శతాబ్దంలో యూరపుకు, పర్షియాకు వెళ్లిన బట్టల్లో చేత్తో కలంతో వేసినవి చాలా ఉన్నాయి, ఎరుపు చిరివేరుతో వచ్చేది. అందుకని ఇవాళ్టి షెడ్డు చూసి నాటి పద్ధతి రాసేయకూడదు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం సైటులో పాత బట్టల ఫోటోలు చూడొచ్చు. చీటీ మీద "కోరమండల్ తీరం" అని మాత్రమే ఉంటే దాన్ని బందరు బట్ట అనొద్దు, ఆ తీరం చాలా పొడవు.

కొత్త రేవు గురించి రాసేవాళ్లకు: శంకుస్థాపన వార్తలు 2008లో, 2019లో, 2023లో మూడుసార్లు వచ్చాయి. వాటిని రేవు పుట్టిన తేదీగా రాయకండి. పర్యావరణ అనుమతి కోసం ఇచ్చిన నివేదిక కేంద్రప్రభుత్వ పరివేష్ సైటులో వెతకండి. తవ్వకం లోతు, బెర్తులు, తీరం మీద ప్రభావం అందులో ఉంటాయి. నివేదికలో ఉన్నది ప్రణాళిక, ఉపగ్రహ చిత్రంలో కనిపించేది పని. రెండూ తేదీలతో పక్కపక్కన పెట్టండి. నిర్మాణ స్థలంలోకి అనుమతి లేకుండా వెళ్లొద్దు, బయటి రోడ్డు నుంచి చూసింది చాలు.

7. సరిచూసుకోండి

రాత పూర్తయ్యాక మీ ప్రతి వాక్యం మీద ఈ పరీక్షలు పెట్టండి.

అంకె ఏ హద్దుకి సంబంధించింది? 1864లో సుమారు 30,000 మంది చనిపోయారన్న మాట ప్రతిచోటా కనిపిస్తుంది. కొందరు దాన్ని ఒక్క బందరు పట్టణానికి చెప్పారు, కొందరు ఉప్పెన ముంచిన తీరమంతటికీ చెప్పారు. మీరు తీసుకున్న చోట ఏముందో చూసి, అదే హద్దుతో రాయండి.

రెండు ఆధారాలు నిజంగా రెండేనా? ఐదు వెబ్ పేజీల్లో ఒకే వాక్యం ఉంటే అది ఒక ఆధారమే. వాక్యంలోని అరుదైన ముక్కను కొటేషన్ గుర్తుల్లో పెట్టి వెతికితే మొదట ఎవరు రాశారో సాధారణంగా బయటపడుతుంది. చాలాసార్లు అది మెకంజీ మాన్యువలో, పాత గెజిటీరో అవుతుంది.

"మొట్టమొదటి", "అతిపెద్ద" అన్న మాటలున్న వాక్యాలన్నీ విడిగా తీసి రాసుకోండి. దేనిలో మొదటిది, ఎక్కడ మొదటిది అన్నది చెప్పలేకపోతే ఆ మాట కొట్టేయండి.

తేదీల్లో తేడా వస్తే ఒకటి ఎంచుకుని రెండోది దాచేయకండి. డచ్చివారి రాక 1605 అని కొన్నిచోట్ల, 1606 అని కొన్నిచోట్ల ఉంటుంది. ఓడ రావడం, ఒప్పందం, స్థావరం తెరవడం వేర్వేరు ఘటనలు కావచ్చు. "1605-06" అని రాసి, దేనికి ఏ తేదీయో కాలపట్టికలో వేరువేరు వరుసలు పెట్టండి.

చివరగా, రాసింది ఊళ్లో ఇద్దరికి చూపించండి. ఒకరు మీతో మాట్లాడిన మనిషి అయి ఉండాలి, ఆయన చెప్పింది ఆయన చెప్పినట్టే ఉందో లేదో చూస్తారు. ఇంకొకరు ఆ పేటలో పుట్టి పెరిగి, మీ పనితో సంబంధం లేని మనిషి. వీధుల పేర్లు, దిక్కులు, కాలువల తప్పులు వాళ్లే పట్టుకుంటారు. దిద్దిన ప్రతిని కాలపట్టికతో, లొకేషన్ ఉన్న ఫోటోలతో కలిపి పీడీఎఫ్‌గా ఒకటి మీ దగ్గర ఉంచుకుని, ఒకటి ఊళ్లోని గ్రంథాలయానికో కాలేజీకో ఇవ్వండి. ఫైలు పేరులో మీరు కొలిచిన నెల, ఏడాది ఉండాలి. పదేళ్ల తర్వాత అదే బావి దగ్గర, అదే మొగ దగ్గర ఇంకొకరు కొలిచినప్పుడు పోల్చుకోవడానికి కావాల్సింది అదే.